ఒకే తీగ మీద డిస్కూ, టేపూ

జానెడు పొడవున్న పచ్చటి కార్డు. మధ్యలో నల్లటి చదరపు చిప్పు, దాని మీద అడాప్టెక్ అన్న పేరు, ఏఐసీ-7880 అన్న నంబరు. కింది అంచున పీసీఐ స్లాటులోకి దిగే బంగారు పూత పళ్లు. లోపలివైపు రెండు సాకెట్లు: ఒకటి 50 పిన్నులది, రెండోది 68 పిన్నులది. పెట్టె వెనక నుంచి బయటికి కనబడేలా ఇంకో 68 పిన్నుల సాకెట్టు. 1990ల్లో ఆఫీసు సర్వర్లు నడిపినవాళ్లు దీన్ని చూడగానే పేరు చెప్పేస్తారు. ఏహెచ్‌ఏ-2940 అల్ట్రా వైడ్. కంప్యూటరుకీ, డిస్కులూ టేపు డ్రైవులూ తగిలించే స్కజీ కేబులుకీ నడుమ కూర్చునే అడాప్టరు.

పైకి దీని పని చాలా మామూలుగా కనిపిస్తుంది. ప్రాసెసరు ఫలానా డిస్కులోంచి ఫలానా బ్లాకు కావాలంటుంది, కార్డు తెచ్చి మెమరీలో పెడుతుంది. కానీ ఆ కేబులు మీద ఉన్నవాళ్ల తీరు చూడండి. డిస్కు అడిగిన పది పదిహేను మిల్లీసెకన్లలో జవాబిస్తుంది. డాట్ టేపు డ్రైవును క్యాసెట్టు మొదటికి చుట్టమంటే నిమిషం దాకా పట్టొచ్చు. ఇద్దరికీ తీగ ఒక్కటే. నిదానస్తుడి కోసం తొందర మనిషి ఆగిపోకూడదు, తొందర మనిషి ధాటికి నిదానస్తుడి వంతు గల్లంతు కాకూడదు. ఈ కార్డు పనితనమంతా ఆ సర్దుబాటులోనే ఉందని నా అభిప్రాయం. కంట్రోల్-ఎ నొక్కితే తెరుచుకునే సెటప్పులో దాదాపు ప్రతి వరుసా దానికోసం పెట్టిందే. అది తెలిసి అమర్చినవాడి చేతిలో ఈ కార్డు ఏళ్ల తరబడి పేచీ పెట్టదు.

స్కజీ పుట్టిల్లు కాలిఫోర్నియా. ఫ్లాపీ డ్రైవులతో పేరు తెచ్చుకున్న షుగార్ట్ అసోసియేట్స్ సంస్థ 1970ల చివర్లో డిస్కుకీ కంప్యూటరుకీ మధ్య సంభాషణకు సాసీ అనే పద్ధతిని తయారుచేసింది. ఆ పని నడిపించిన ఇంజనీరు లారీ బౌచర్ 1981లో బయటికొచ్చి అడాప్టెక్ స్థాపించారు. సాసీకి మెరుగులు దిద్ది, స్కజీ పేరుతో 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ ఆమోదించింది. స్కజీ-2 ప్రమాణం 1994లో వచ్చింది. 2940 ఆ కాలపు బిడ్డే.

దానికి ముందు తరం కార్డు ఏహెచ్‌ఏ-1542 ఐసా స్లాటులో కూర్చునేది. దాన్ని పెట్టాలంటే చిన్న చిన్న జంపర్లు పీకి గుచ్చాలి: పోర్టు అడ్రసు హెక్స్ లెక్కలో 330, ఇంటరప్టు 11, డీఎంఏ ఛానెలు 5. పక్కనున్న నెట్‌వర్కు కార్డు కూడా ఆ 11నే వాడుతోందంటే ఆ సాయంత్రం అక్కడే చీకటి పడేది. పైగా ఐసాకు ఉన్నవి 24 అడ్రసు తీగలే కాబట్టి 16 ఎంబీకి పైనున్న మెమరీ దాని కంటికి ఆనదు. అక్కడున్న డేటాను ముందు కిందికి కాపీ చేసి అందించాలి. పీసీఐ వచ్చాక ఈ రెండు తలనొప్పులూ పోయాయి. 2940లో ఇంటరప్టు ఎంతో మనం చెప్పనక్కర్లేదు, కంప్యూటరే కేటాయిస్తుంది. సెట్టింగులు జంపర్లలో కాక కార్డు మీదున్న చిన్న మెమరీ చిప్పులో దాక్కుంటాయి.

ఇప్పుడు తీగ మీదికి వెళదాం.

కేబులు మీద ప్రతి పరికరానికీ ఒక ఐడీ నంబరు. ఎనిమిది డేటా తీగల సన్న కేబులులో 0 నుంచి 7 దాకా, పదహారు తీగల వెడల్పు కేబులులో 15 దాకా. ఏ నంబరు ఇస్తే ఆ నంబరు డేటా తీగ ఆ పరికరానికి గుర్తు. కేబులు ఖాళీ అయిందని చూసుకుని, మాట్లాడాలనుకున్నవాళ్లంతా బీఎస్‌వై అనే తీగనూ, తమ గుర్తు తీగనూ లాగి పట్టుకుంటారు. 2.4 మైక్రోసెకన్లు ఆగుతారు. తర్వాత ఎవరికి వారు డేటా తీగలు చూసుకుని, తమకంటే పై నంబరు కనిపిస్తే తప్పుకుంటారు. తీర్పు చెప్పే మధ్యవర్తి ఎవరూ లేరు. ఓడినవాడు తన ఓటమిని తానే చదువుకుని పక్కకు జరుగుతాడు. కొన్ని రెసిస్టర్లూ కొన్ని తీగలూ పెట్టి ఇంత నాగరికమైన పద్ధతి నడిపించారంటే, ఆ ఇంజనీర్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

అడాప్టరుకి 7 ఇస్తారు. వరుసలో అదే అందరికంటే పైది. మరి వెడల్పు కేబులులో 15 కదా పెద్దది? కాదు. అక్కడ వరుస 7 నుంచి 0 దాకా దిగి, ఆ తర్వాతే 15 నుంచి 8కి వస్తుంది. కారణం తెలిస్తే ముచ్చటేస్తుంది. ఎనిమిది తీగల పాత పరికరానికి 8 నుంచి 15 దాకా ఉన్న తీగలు అసలు తగలనే తగలవు. అడాప్టరు వెళ్లి 15లో కూర్చుంటే, పాత టేపు డ్రైవుకి తనను పిలిచిందెవరో తెలియదు, పని అయ్యాక తిరిగి పిలవడానికి దారీ ఉండదు. కొత్త తరాన్ని తయారుచేస్తూ, పాతవాళ్ల కంటికి ఆనే మేరలోనే పెద్దరికాన్ని ఉంచారన్నమాట. ఇలాంటి వివరం ఒక్కటి చాలు, ప్రమాణం రాసినవాళ్ల బుద్ధి ఎలాంటిదో చెప్పడానికి.

దీన్ని బట్టే నంబర్ల పంపకంలో కూడా ఒక పద్ధతి స్థిరపడింది. బూటయ్యే డిస్కుకి 0. టేపుకి డిస్కుల కంటే పై నంబరు, తరచుగా 4. నిదానంగా నడిచేవాడికి పై నంబరు ఎందుకంటే, వాడికి తీగ ఎప్పుడో ఒకసారే కావాలి, కావలసినప్పుడు మాత్రం వెంటనే దొరకాలి. లేకపోతే డిస్కులు వాడి గొంతు వినిపించనివ్వవు. సన్ వర్క్‌స్టేషన్లలో టేపు 4, సీడీ 6 అన్నది ఆచారమైపోయింది. కొత్తగా డ్యూటీలో చేరినవాడు పెట్టె మూత తీయకుండానే ఏది ఎక్కడుందో చెప్పగలిగేవాడు.

ఇక స్కజీలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం, డిస్‌కనెక్టు.

అడాప్టరు టేపు డ్రైవును ఎంచుకుని మొదట పంపేది ఒకే ఒక్క బైటు. ఐడెంటిఫై సందేశం. హెక్స్ లెక్కలో అది 80 కావచ్చు, లేదా సీ0 కావచ్చు. రెంటికీ తేడా ఒక్క బిట్టు. ఆ బిట్టు 1 అయితే డ్రైవుకి అనుమతి ఇచ్చినట్టు: పని ఆలస్యమయ్యేలా ఉంటే తీగ వదిలేయి, అయ్యాక నువ్వే నన్ను పిలువు. సెటప్పులో ఎనేబుల్ డిస్‌కనెక్షన్ అని ప్రతి ఐడీకీ ఎదురుగా కనిపించే ఎస్-నో మీట చివరికి తేల్చేది ఈ ఒక్క బిట్టునే.

అనుమతి ఇచ్చాక ఇంకో విశేషం. ఎంచుకున్నది అడాప్టరే అయినా, ఎంపిక పూర్తయిన క్షణం నుంచి పగ్గాలు డ్రైవు చేతికి వెళతాయి. కమాండు ఇప్పుడు పంపు, డేటా ఇప్పుడు పంపు, ఇదుగో ఫలితం తీసుకో అని దశలు మార్చేది డ్రైవే. అడాప్టరుకి మధ్యలో ఏమైనా చెప్పాలంటే ఏటీఎన్ అనే తీగ లాగి, తనకో మాట ఉందని తెలియజేసి, డ్రైవు అడిగేదాకా ఆగాలి. పని చేసేవాడికే తన నడక తెలుసు కాబట్టి నడక అతనికే అప్పగించారు. పని చెప్పేవాడు పక్కన నిలబడి వినాలి. మన ఆఫీసుల్లో ఎంతమంది మేనేజర్లకు ఈ పద్ధతి అబ్బిందో పాఠకులకే వదిలేస్తాను.

రివైండు కమాండు ఆరు బైట్లు. డ్రైవు దాన్ని అందుకుని, డిస్‌కనెక్టు అని ఒక బైటు చెప్పి తీగ వదిలేస్తుంది. పిండిమర దగ్గర గోధుమల డబ్బా అప్పగించి మనం బజారు పని చూసుకుంటాం కదా, పిండి అయ్యాక మరవాడే కేకేస్తాడు, అలాగ. టేపు చుట్టుకుంటున్న ఆ కాసేపట్లో అదే తీగ మీద డిస్కుతో వేల లావాదేవీలు జరిగిపోతాయి. చుట్టడం పూర్తయ్యాక డ్రైవు తానే తీగ కోసం పోటీకి నిలబడి, గెలిచి, అడాప్టరును తిరిగి పిలిచి, ఏ పని తాలూకు కబురో చెప్పి, ముగిసిందని ఫలితం అందిస్తుంది. డేటా బదిలీ సగంలో ఉండగా వదలాల్సి వచ్చినా చిక్కు లేదు. ఇంతవరకూ వచ్చాం, గుర్తుంచుకో అని ఒక సందేశం పంపి వదులుతుంది, మళ్లీ కలిసినప్పుడు అక్కడి నుంచే మొదలు.

అదే కాలపు ఐడీఈ కేబులుతో పోల్చి చూడండి. మాస్టరు, స్లేవు అని ఇద్దరికే చోటు. ఒకరికి పని చెబితే అది అయ్యేదాకా రెండోవాడు నోరు మూసుకోవాలి. తొలినాళ్లలో బైట్లు మోసే కూలీ కూడా ప్రాసెసరే. చవక కాబట్టి ఇంటి కంప్యూటర్లలో అదే గెలిచింది, గెలవడంలో తప్పేమీ లేదు. ఒకే డిస్కు, ఒకే మనిషి ఉన్నచోట అది చాలు. పగలంతా నలభై మంది రాసి, రాత్రికి టేపు మీద బ్యాకప్పు పడాల్సిన చోట మాత్రం చాలదు.

ఇన్ని దశలు ఎవరు చూసుకుంటారు? పాత చిప్పుల్లో ఆ బరువు ప్రాసెసరు మీదే పడేది. దశ మారినప్పుడల్లా దాన్ని తట్టి లేపేవి. 2940 మీదున్న చిప్పులో సీక్వెన్సర్ అని ఒక బుల్లి ప్రాసెసరు ఉంది. అది చదివే సూచనలు చిప్పులో శాశ్వతంగా చెక్కినవి కావు, యంత్రం లేచినప్పుడు డ్రైవరు సాఫ్ట్‌వేరు వాటిని అందులోకి దింపుతుంది. ఎంపిక, సందేశాలు, డేటా, విడిపోవడం, తిరిగి కలవడం అన్నీ ఆ బుల్లి ప్రాసెసరే నడిపి, మొత్తం కమాండు ముగిశాకే పెద్ద ప్రాసెసరుకి కబురు పెడుతుంది. పోటీ సంస్థ ఎన్‌సీఆర్ కూడా తన చిప్పుల్లో స్క్రిప్ట్స్ పేరుతో ఇలాంటి ఏర్పాటే చేసింది. కాబట్టి ఈ ఆలోచన అడాప్టెక్ ఒక్కదాని సొత్తని అనలేం.

చిప్పులో ఒకేసారి 16 కమాండ్ల వివరాలు పట్టే చోటు మాత్రమే ఉంది. విడిపోయి పని చేసుకుంటున్న కమాండ్లు అంతకు మించితే? వాటి వివరాలను కంప్యూటరు మెమరీలోకి తరలించి, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకునే ఉపాయాన్ని డ్రైవరు రాసినవాళ్లు పట్టుకున్నారు. లినక్స్‌కు ఈ కార్డుల మొదటి డ్రైవరును కాల్గరీ విశ్వవిద్యాలయంలో జాన్ ఏకాక్ 1994లో రాశారు. ఫ్రీబీఎస్‌డీ వైపు జస్టిన్ గిబ్స్ దాన్ని ఎంతో దూరం తీసుకెళ్లారు. సీక్వెన్సర్ కోసం ప్రత్యేకంగా ఒక అసెంబ్లరే రాసిపెట్టారు. ఆ సూచనల మూలం ఇప్పటికీ బహిరంగంగానే ఉంది. హార్డ్‌వేరు పనితనం మీద అభిమానం ఉన్నవాళ్లు ఒకసారి చదివి చూడాలి. పక్కన రాసిన వ్యాఖ్యల్లో, ఫలానా డ్రైవు ఇలా తప్పుగా మాట్లాడుతుంది, దాన్ని ఇలా భరించాలి అన్న ఓర్పు కనిపిస్తుంది.

ఇప్పుడు సెటప్పు తెర. యంత్రం లేస్తుండగా అడాప్టెక్ పేరు పడుతుంది, కంట్రోల్-ఎ నొక్కమని ఒక వాక్యం వస్తుంది. నొక్కకపోతే కార్డు ఒక్కో ఐడీనీ పిలుచుకుంటూ వెళుతుంది. జవాబు రాని నంబరు దగ్గర పావు సెకను ఆగి ముందుకు కదులుతుంది. దొరికినవాళ్ల పేర్లు తెర మీద పడుతుంటాయి. ఆ పేర్లు చెప్పేది డ్రైవులే. ఇంక్వయిరీ అనే కమాండుకి ప్రతి పరికరమూ తన జాతి, తయారీదారు పేరు ఎనిమిది అక్షరాల్లో, మోడలు పదహారు అక్షరాల్లో, ఫర్మ్‌వేరు వెర్షను నాలుగు అక్షరాల్లో చెప్పాలి. జాతి నంబరు 0 అయితే డిస్కు, 1 అయితే టేపు, 5 అయితే సీడీ. అనుభవం ఉన్న టెక్నీషియను ఈ జాబితాను కన్నార్పకుండా చూస్తాడు. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా కేబులు మీద అనుమానం వేస్తాడు.

సెటప్పు లోపల ఒక్కో ఐడీకీ వేగం విడిగా నిర్ణయించవచ్చు. వేగం ఎంతో ఇరువురూ బేరమాడుకునే సందేశం ఒకటి ఉంది. అందులో కాల వ్యవధిని 4 నానోసెకన్ల ముక్కల్లో చెబుతారు. 25 అని పంపితే వంద నానోసెకన్లకు ఒక బదిలీ, అంటే సెకనుకి కోటి. వెడల్పు గురించిన బేరం ముందు, వేగం గురించిన బేరం తర్వాత జరగాలి. ఎందుకంటే వెడల్పు మారగానే పాత వేగం ఒప్పందం రద్దవుతుంది. ఈ బేరాన్ని సరిగ్గా అర్థం చేసుకోని ముసలి టేపు డ్రైవు ఉంటే, దాని ఐడీ ఒక్కదానికే బేరం ఆపేసి, మిగతావాళ్లను పూర్తి వేగంతో వదలొచ్చు. అందరినీ ముసలివాడి నడకకి కట్టిపడేయనక్కర్లేదు.

సెండ్ స్టార్ట్ యూనిట్ అన్న వరుసను చాలామంది పట్టించుకోరు. నాలుగైదు డిస్కులున్న పెట్టెలో స్విచ్చి వేయగానే మోటార్లన్నీ ఒకేసారి తిరగబోతే 12 వోల్టుల సరఫరా కుంగిపోతుంది. డిస్కుల్లో తమంతట తాము తిరగవద్దని జంపరు పెట్టి, ఇక్కడ ఎస్ అంటే, అడాప్టరు ఒక్కొక్కదాన్నీ వరసగా లేపుతుంది. ప్యారిటీ తనిఖీని ఎప్పుడూ ఆపకూడదు. ప్రతి ఎనిమిది బిట్లకీ తోడుగా వెళ్లే ఆ తొమ్మిదో బిట్టే, కేబులు చెడుతోందని మొదట చెప్పే సాక్షి.

అభిమానం ఉంది కదా అని అన్నిటినీ మెచ్చుకోలేను. ఒక జీబీ దాటిన డిస్కులకు ఎక్స్‌టెండెడ్ ట్రాన్స్‌లేషన్ అనే మీట మీద నాకు కోపమే. డాస్ కాలపు బయోసు డిస్కును హెడ్లూ సెక్టార్లూ లెక్కన చూసేది. అందుకని కార్డు లేని లెక్కను పుట్టించి చూపేది: మామూలుగా 64 హెడ్లు, 32 సెక్టార్లు, మీట వేస్తే 255 హెడ్లు, 63 సెక్టార్లు. ఒక లెక్కలో పార్టిషన్ చేసిన డిస్కును మీట మార్చి బూట్ చేయబోతే అది లేవదు. డేటా ఎక్కడికీ పోలేదు, దారి చూపే లెక్క మారిందంతే. ఆ సంగతి తెలియక ఫార్మాట్ చేసేసినవాళ్లు ఎందరో.

టెర్మినేషన్ దగ్గరికి వద్దాం. స్కజీకి చెడ్డపేరు తెచ్చిందీ, స్కజీ అందం దాగున్నదీ ఇక్కడే. గొలుసు మొరాయిస్తే మేకను బలివ్వాలని అమెరికా టెక్నీషియన్లు నవ్వుకునేవారు. మేకతో పని లేదు. రెండు చివర్లు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు.

సన్న కేబులులో పనిచేసే సంకేత తీగలు 18: డేటావి ఎనిమిది, ప్యారిటీ ఒకటి, పెత్తనం తీగలు తొమ్మిది. ఎవరూ లాగనప్పుడు ఇవన్నీ పై వోల్టేజి దగ్గర నిలబడాలి, లాగినప్పుడే కిందికి దిగాలి. నిలబెట్టేది టెర్మినేటరే. పాత పద్ధతిలో ప్రతి తీగకీ 5 వోల్టుల వైపు 220 ఓముల రెసిస్టరు, గ్రౌండు వైపు 330 ఓములది. లెక్క వేస్తే తీగ 3 వోల్టుల దగ్గర నిలుస్తుంది, చివర 132 ఓముల బరువు ఉన్నట్టు కనిపిస్తుంది. రెండో పని, వచ్చిన అలను మింగేయడం. సంకేతానికి కేబులులో మీటరుకి సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. చివర తెరిచి ఉంటే అది గోడకు కొట్టుకున్న బంతిలా వెనక్కి వస్తుంది. 3 మీటర్ల కేబులులో పోయి రావడానికి 30 నానోసెకన్లు. అల్ట్రా వేగంలో ఒక్కో బదిలీకి దక్కే వ్యవధి 50 నానోసెకన్లే. అంటే వెనక్కి వచ్చిన పాత అల సరిగ్గా కొత్త బైటు నెత్తిన పడుతుంది. వేగం పెరిగే కొద్దీ కేబులు పొడవు 6 మీటర్ల నుంచి 3 మీటర్లకీ, అల్ట్రాలో నాలుగుకు మించి పరికరాలుంటే మీటరున్నరకీ ఎందుకు తగ్గిందో ఇప్పుడు తెలుస్తుంది.

రెండు రెసిస్టర్ల పద్ధతిలో ఒక లోపం ఉంది. టెర్మినేటరుకి విద్యుత్తు కేబులులోని ఒక తీగ మీదుగానే వస్తుంది. దూరం వెళ్లేసరికి ఆ 5 వోల్టులు కాస్త తగ్గితే, తీగలన్నీ నిలబడే ఎత్తు కూడా తగ్గుతుంది. దీన్ని సరిచేసిన యాక్టివ్ టెర్మినేటరులో ఒక రెగ్యులేటరు 2.85 వోల్టులను కదలకుండా పట్టుకుంటుంది, అక్కడి నుంచి ప్రతి తీగకీ 110 ఓముల రెసిస్టరు ఒక్కటే. వస్తువులు తగ్గి పని మెరుగవడం మంచి డిజైనుకి ఆనవాలు. ఆ విద్యుత్తు తీగకి ఒక ఫ్యూజు కూడా ఉంటుంది. అది పోతే డ్రైవులన్నీ ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతుంటాయి. కార్డు చెడిందనుకుని పారేసేముందు ఆ ఫ్యూజు చూడాలి.

2940 ఇక్కడ చూపించిన నేర్పు ప్రత్యేకం. లోపల 68 పిన్నుల కేబులు మీద వెడల్పు డిస్కు ఉంది, 50 పిన్నుల కేబులు మీద సన్న డాట్ డ్రైవు ఉంది అనుకుందాం. చిన్న ఆఫీసు సర్వరులో సర్వసాధారణమైన అమరిక. కార్డు ఇప్పుడు చివర ఉన్నట్టా, మధ్యలో ఉన్నట్టా? రెండూ నిజమే. మొదటి ఎనిమిది డేటా తీగలు డిస్కు దగ్గర మొదలై, కార్డు గుండా సాగి, డాట్ డ్రైవు దగ్గర ముగుస్తాయి. వాటికి కార్డు మధ్య మజిలీ. పై ఎనిమిది తీగలు మాత్రం సన్న కేబులులోకి వెళ్లవు, కార్డు దగ్గరే ఆగిపోతాయి. వాటికి కార్డే చివర. అందుకే సెటప్పులో లో ఆఫ్, హై ఆన్ అని ఒక వరుస పెట్టారు: కింది సగానికి టెర్మినేటరు తీసేయి, పై సగానికి ఉంచు. ఒకే కార్డు సగం దారిగా, సగం గమ్యంగా పనిచేస్తుంది. మూడు సాకెట్లలో ఏవైనా రెండింటినే వాడాలన్న నియమం కూడా ఇందులోంచే వచ్చింది. మూడూ వాడితే తీగ మూడు కొమ్మలుగా చీలుతుంది, గొలుసు గొలుసుగా ఉండదు.

ఆటోమేటిక్ అని పెడితే కార్డు తన సాకెట్లకి ఏవి తగిలించారో చూసుకుని ఇదంతా తానే తేల్చుకుంటుంది. బాగానే తేలుస్తుంది. కాకపోతే దానికి తెలిసేది తన సంగతే. కేబులు అవతలి కొసన టెర్మినేటరు ఉందో లేదో దానికి కనిపించదు. మధ్యలో కూర్చున్న పాత డిస్కు తన టెర్మినేటరును తీయకుండా ఉంచుకుందో తెలియదు. అది చూడాల్సింది మనిషే, చేతిలో టార్చిలైటుతో.

టేపు డ్రైవు పెంపకం వేరే విద్య. దాని కోసం సహనం అనేదాన్ని సాఫ్ట్‌వేరులోనే రాసిపెట్టారు. లినక్స్‌లో డిస్కు ఒక కమాండుకి 30 సెకన్లలో జవాబివ్వకపోతే ఏదో అయిందని కంగారు మొదలవుతుంది. టేపును పూర్తిగా చెరపడం లాంటి పనులకు అదే లినక్స్ ఇచ్చే గడువు 14000 సెకన్లు, నాలుగు గంటలకి కాస్త తక్కువ. ఒకే కార్డు, ఒకే తీగ. దీని అర్థం తెలియని కొత్తవాడు పది నిమిషాలు చూసి రీసెట్ నొక్కుతాడు. నొక్కగానే తీగ మీదున్న డిస్కు లావాదేవీలన్నీ కూడా తెగిపోతాయి. రీసెట్ తీగ అందరిదీ మరి.

రీసెట్ అయ్యాక, లేదా కొత్త క్యాసెట్టు పెట్టాక, డ్రైవు మొదటి కమాండును తిప్పి పంపుతుంది. కారణం చెప్పే నంబరు, అంటే సెన్స్ కీ, 6: యూనిట్ అటెన్షన్. ఇది జబ్బు కాదు, పరిస్థితి మారింది గమనించు అని చెప్పడం. దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో సెన్స్ కీ చూసి చెప్పగలగడమే ఈ పనిలో అనుభవం. 2 వస్తే సిద్ధంగా లేదు, క్యాసెట్టు పెట్టారో లేదో చూడాలి. 3 వస్తే మీడియం లోపం, ముందు క్లీనింగ్ క్యాసెట్టుతో హెడ్డు తుడిచి, ఆ తర్వాతే టేపును అనుమానించాలి. 4 వస్తే డ్రైవులోనే యంత్రలోపం. ఇవేవీ లేకుండా ప్యారిటీ తప్పులు, ఊరికే రీసెట్లు వస్తుంటే డ్రైవులను వదిలేసి కేబులునూ, టెర్మినేటర్లనూ, వంగిన పిన్నులనూ చూడాలి.

టేపుకి ఇంకో గుణం ఉంది. దానికి డేటా ధారగా అందాలి. డీఎల్‌టీ 4000 లాంటి డ్రైవు సెకనుకి ఒకటిన్నర ఎంబీ మింగుతుంది. అంతకంటే తక్కువగా అందిస్తే టేపు ఆగి, కాస్త వెనక్కి వెళ్లి, మళ్లీ పరుగు అందుకోవాలి. ఇది పదే పదే జరిగితే బ్యాకప్పు సమయం రెట్టింపవడమే కాదు, హెడ్డూ టేపూ అరిగిపోతాయి. డిస్కు ఐడీకి డిస్‌కనెక్టు ఆపేసి ఉంటే, అది బ్లాకు వెతుక్కుంటున్నంతసేపూ తీగను పట్టుకుని కూర్చుంటుంది. ఆలోగా టేపుకి ధార తెగుతుంది. టేపు నెమ్మదించిందని టేపునే తిట్టడం సహజం. మీట మాత్రం డిస్కు వరుసలో ఉంటుంది.

బ్లాకు సైజు కూడా రాసి ఉంచుకోవాల్సిన విషయమే. టార్ ప్రోగ్రాము మామూలుగా 10240 బైట్ల బ్లాకుల్లో రాస్తుంది. ఇంకెవరో పెద్ద బ్లాకులతో రాసిన టేపును లినక్స్‌లో చిన్న బఫరుతో చదవబోతే, మెమరీ చాలదు అన్న అర్థం వచ్చే సందేశం వస్తుంది. నిజానికి మెమరీకి ఏ కొరతా లేదు. అడిగిన గిన్నె కంటే టేపు మీది బ్లాకు పెద్దది, అంతే. ఆ సందేశం చదివి ర్యామ్ కొన్నవాళ్లు కూడా ఉండే ఉంటారు.

సమాంతర తీగల స్కజీ సెకనుకి 320 ఎంబీ దాకా ఎదిగి ఆగింది. తర్వాత వచ్చిన శాస్ కేబులులో ఐడీ జంపర్లు లేవు, టెర్మినేటర్లు లేవు, తీగ కోసం పోటీ లేదు. కమాండ్లు మాత్రం అవే. 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 డ్రైవు ఒక్క క్యాసెట్టులో 18 టీబీ పట్టిస్తుంది. దాన్ని సిద్ధమా అని అడిగే కమాండు నంబరు హెక్స్ లెక్కలో ఇప్పటికీ 00, రివైండు 01, నీవెవరు అని అడిగేది 12. మనం జేబులో వేసుకు తిరిగే పెన్‌డ్రైవు కూడా లోపల స్కజీ కమాండ్లకే జవాబిస్తుంది. అడాప్టెక్ స్టోరేజి వ్యాపారం 2010లో పీఎంసీ-సియెర్రాకీ, దాంతోపాటు 2016లో మైక్రోసెమీకీ, 2018లో మైక్రోచిప్‌కీ చేతులు మారింది. ఆ మైక్రోచిప్ సంస్థే 2023 జూలైలో హైదరాబాదులో కొత్త పరిశోధన, అభివృద్ధి కేంద్రాన్ని తెరిచింది. అడాప్టెక్ అన్న పేరు ఇంకా దాని ఉత్పత్తుల మీద ఉంది.

మీ ఆఫీసు బీరువాలో పాత డాట్, డీఎల్‌టీ క్యాసెట్లు ఉంటే ఒక్క మాట. పాత సర్వరును తుక్కుకి వేసేముందు కార్డు, కేబులు, టెర్మినేటరు, డ్రైవు నాలుగింటినీ ఒకే పెట్టెలో దాచండి. ఏ ఐడీ ఎవరిదో, టెర్మినేటరు ఎక్కడ ఉండాలో, టేపులు ఏ ప్రోగ్రాముతో ఏ బ్లాకు సైజులో రాశారో ఒక కాగితం మీద రాసి అందులో పెట్టండి. వీలైతే ఈ ఏడాదే వాటిని చదివించి డిస్కులోకి దించుకోండి.